పాత రోలెక్స్ జీఎంటీలో కువైట్ టైమ్, మన టైమ్: అరగంట తేడా ఎలా సర్దుకుంటున్నారు?

కడప చిన్నోడు
అందరికీ నమస్కారం. మా పెదనాన్న 70లలో కువైట్ వెళ్లి చానా ఏళ్లు అక్కడే పనిచేశారు. ఆయన యజమాని బహుమతిగా ఇచ్చిన రోలెక్స్ వాచీ ఇప్పుడు నా చేతికొచ్చింది. చుట్టూ సగం ఎరుపు, సగం నీలం రింగు, దాని మీద 24 వరకు అంకెలు. మామూలు ముళ్లతో పాటు చివర త్రికోణం ఉన్న సన్నటి ముల్లు ఒకటి. డయల్ మీద జీఎంటీ-మాస్టర్ అని రాసి ఉంది. ఇంట్లో లాకర్‌లో పెట్టేయమంటున్నారు. నాకు మాత్రం రోజూ పెట్టుకోవాలని ఉంది. తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు, వాడి టైమ్ కూడా ఇందులోనే చూసుకోవాలని ఆశ. మనకూ కువైట్‌కూ రెండున్నర గంటల తేడా కదా, ఆ "ఉన్నర" ఈ వాచీలో ఎలా పడుతుంది? ఇంకోటి, పెట్టుకోవడానికి ముందు సర్వీసింగ్ చేయించాలా? ఇలాంటివి వాడినవాళ్లు చెప్పండి.

టవర్‌క్లాక్ అనంతపురం
ముందు మీ చేతిలో ఉన్నదేంటో చెప్తాను, మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

1950లలో అమెరికా విమాన సంస్థ పాన్ యామ్ దూరప్రయాణాలు పెంచుతోంది. పైలట్లు ఒక్క ప్రయాణంలో నాలుగైదు టైమ్ జోన్లు దాటేవాళ్లు. చేతికి ఊరి టైమూ కావాలి, విమానయానానికి ఆధారమైన గ్రీనిచ్ టైమూ (జీఎంటీ అంటే అదే) కావాలి. పాన్ యామ్ కోసం రోలెక్స్ తయారుచేసిన వాచీ ఇది. మొదటి మోడల్ నంబరు 6542, 1955 ప్రాంతంలో వచ్చింది. దాని రింగు బేకలైట్ అనే పాతకాలం ప్లాస్టిక్‌తో చేశారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉండేది కానీ ఇట్టే పగిలిపోయేది, అందుకే తర్వాత అల్యూమినియానికి మారారు. 1958 అక్టోబర్‌లో పాన్ యామ్ బోయింగ్ 707 జెట్ న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఎగిరింది. జెట్ విమానాల కాలం, ఈ వాచీ కాలం కలిసే నడిచాయి.

1959లో 1675 అనే మోడల్ వచ్చింది. అది దాదాపు 1980 దాకా తయారైంది. మీ పెదనాన్న కాలాన్ని బట్టి చూస్తే మీది అదే అయి ఉండాలి.

ఎరుపు పగలు, నీలం రాత్రి. ఆరు నుంచి పద్దెనిమిది దాకా ఎరుపు. త్రికోణం ముల్లు రోజుకు ఒక్కసారే చుట్టు తిరుగుతుంది, కాబట్టి అది నీలంలో ఉంటే అక్కడ చీకటి పడినట్టే. తమ్ముడికి ఫోన్ చేసే ముందు అంకె కూడా చదవక్కర్లేదు, రంగు చూస్తే చాలు. ఒక వస్తువు ఇంత సూటిగా పని చెప్పడం నాకు ఎంతో ఇష్టం.

రాజంపేట టు సాల్మియా
నేనూ కువైట్‌లోనే ఉంటాను బ్రదర్. నాది జీఎంటీ-మాస్టర్ 2, 2007 తర్వాత వచ్చిన సెరామిక్ రింగు రకం. మీ పాతదానికీ దీనికీ పెద్ద తేడా ఉంది. మీ దాంట్లో త్రికోణం ముల్లు, గంటల ముల్లు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. రెండో టైమ్ కావాలంటే రింగు తిప్పడమే దారి. నా దాంట్లో గంటల ముల్లు ఒక్కటే విడిగా గంట గంటకూ దూకుతుంది. 1983 ప్రాంతంలో వచ్చిన 16760తో ఈ ఏర్పాటు మొదలైంది.

కొత్తదే మేలు అనుకుంటారు అందరూ. మన అరగంట విషయంలో మాత్రం మీ పాతదే గెలుస్తుంది. నా రింగు 24 క్లిక్కులతో తిరుగుతుంది, గంటకొక క్లిక్కు. మధ్యలో ఆగదు. మీ 1675 రింగుకు క్లిక్కులే లేవు, బిగుతు మీద నిలబడుతుంది. రెండు అంకెల మధ్య ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు.

చేయాల్సింది ఇదీ. ముళ్లన్నీ ఇండియా టైమ్‌కు పెట్టండి. రింగు త్రికోణం పైన 12 దగ్గర ఉన్నప్పుడు త్రికోణం ముల్లు కూడా మన టైమే చూపాలి. మధ్యాహ్నం పన్నెండున్నరైతే అది పన్నెండుకూ పధ్నాలుగుకూ మధ్యలో, పన్నెండుకు దగ్గరగా ఉండాలి. అది రాత్రి పన్నెండున్నర చూపుతుంటే ముళ్లను ఇంకో పన్నెండు గంటలు ముందుకు తిప్పండి. ఇప్పుడు రింగును కుడివైపుకు, అంటే గడియారం తిరిగే దిక్కుకు, రెండున్నర గంటలు జరపండి. పది అంకె సరిగ్గా ఆ ముల్లు కిందికి వస్తుంది. కువైట్‌లో పది గంటలు. అంతే.

నిమిషాలకు చిన్న కిటుకు: నిమిషాల ముల్లు కొన చూస్తే మన నిమిషాలు, దానికి సరిగ్గా ఎదురుగా, అంటే తోకవైపు, చూస్తే కువైట్ నిమిషాలు. మనకు 45 అయితే ఎదురుగా 15. అరగంట తేడా ఉన్న ఏ దేశానికైనా ఇదే లెక్క.

కడప చిన్నోడు
అన్నా, ఇప్పుడే చేసి చూశాను. పది అంకె వచ్చి ముల్లు కింద కూర్చుంది! తమ్ముడికి వీడియో కాల్ చేసి చూపించాను. మరి మీ కొత్తదాంట్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

రాజంపేట టు సాల్మియా
కువైట్ టైమ్ ప్రధానంగా పెట్టి, త్రికోణం ముల్లును రెండు గంటలు ముందు పెట్టుకుంటాను. అది చూపినదానికి అరగంట కలిపితే ఇండియా. అలవాటైపోయింది. సెలవుకు వచ్చి దిగినప్పుడు మాత్రం గంటల ముల్లు దూకిస్తే సరిపోదు, నిమిషాల ముల్లు కూడా ముప్పై జరపాలి. లండన్ వాళ్లు న్యూయార్క్‌లో దిగి మూడు సెకన్లలో పని కానిచ్చేస్తారు, మనకు ఆ అదృష్టం లేదు.

కర్నూలు గగనం
పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను, కాబట్టి ఆ వైపు నుంచి రెండు మాటలు. విమానయానంలో వాతావరణ నివేదికలు, ఫ్లైట్ ప్లాన్లు అన్నీ యూటీసీలోనే, అంటే పైన చెప్పిన గ్రీనిచ్ టైమ్ లెక్కలోనే ఉంటాయి, మేము జులూ టైమ్ అంటాం. ఓర్వకల్లులో దిగినా, దుబాయ్‌లో దిగినా కాగితం మీద ఒకటే టైమ్. మన అర్ధరాత్రి పన్నెండు అంటే 1830 జులూ. తెల్లవారుజామున ఐదున్నర దాకా జులూ తేదీ నిన్నటిదే. కొత్తలో అందరూ తడబడేది ఈ తేదీ దగ్గరే.

మన టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కగట్టింది. ఆ గీత మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. 1906 నుంచి ఇదే ఇండియా ప్రామాణిక సమయం. 15 డిగ్రీలకు గంట చొప్పున లెక్కేస్తే ఐదున్నర వస్తుంది. ఆ అర అలా పుట్టింది.

ఇంకో మాట. కాక్‌పిట్‌లో ఇప్పుడు అన్ని గడియారాలూ ఉన్నాయి, ఈ వాచీ అవసరం తీరిపోయింది. అయినా లెక్క చేతికి తెలియాలంటే ముల్లు ఉన్న వాచీకి మించింది లేదు. అంకెల వాచీలో టైమ్ చదువుతాం. ముల్లుల వాచీలో ఇంకా ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది.

ప్రొద్దుటూరు పద్మ
రోలెక్స్ లేనివాళ్లకు ఒక చిట్కా. మా అమ్మాయి లండన్‌లో ఉంది. నా పాత హెచ్‌ఎంటీని తలకిందులుగా చూస్తే లండన్ టైమ్ వచ్చేస్తుంది! ఇక్కడ సాయంత్రం ఐదున్నర అనుకోండి. వాచీని తిప్పి పట్టుకుంటే పెద్ద ముల్లు పన్నెండు మీద, చిన్న ముల్లు పదకొండున్నర దగ్గర కనబడుతుంది. చిన్న ముల్లు అరగంట వెనకబడుతుంది కాబట్టి దానికి అరగంట కలిపి చదవాలి, అంటే పన్నెండు. అక్కడ మధ్యాహ్నం పన్నెండే. కాకపోతే మార్చి చివరి నుంచి అక్టోబర్ చివరి దాకా వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు. అప్పుడు ఇంకో గంట కలపాలి.

టవర్‌క్లాక్ అనంతపురం
పద్మగారూ, చాలా బాగుంది. దీన్ని మా ఇంట్లో పిల్లలకు చూపిస్తాను.

వాచీల వీధి
కడపలో మా నాన్న వాచీ మెకానిక్, నేనూ అదే పనిలో ఉన్నాను. సర్వీసింగ్ గురించి అడిగారు కదా, జాగ్రత్తగా చదవండి.

వాచీ ఆగకుండా నడుస్తోంది అంటే లోపల బాగున్నట్టు కాదు. నూనె ఎండిపోయినా నడుస్తుంది, పళ్లు అరగదీసుకుంటూ నడుస్తుంది. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్నదాన్ని ఒక్కసారిగా రోజూ వాడకంలోకి తేవద్దు. ముందు నూనె వేయించండి, రబ్బరు వాషర్లు మార్పించండి. అప్పటిదాకా నీళ్ల దగ్గరికే వద్దు. వాషర్లు మార్చాక కూడా ఈ వయసు వాచీతో స్నానం, ఈత మానేయండి.

ఇక చెయ్యకూడనివి. పాలిష్ చేయించొద్దు. చైను తగిలించే కొమ్ముల అంచులు పదునుగా ఉన్నాయా, గుండ్రంగా అరిగిపోయాయా అన్నదే కొనేవాడు మొదట చూస్తాడు. ఒకసారి అరగదీస్తే ఆ లోహం మళ్లీ రాదు. రింగు ఎరుపు గులాబీ రంగుకు తిరిగినా, నీలం వెలిసినా మార్చొద్దు. వెలిసిన రింగుకే ఇష్టపడేవాళ్లు ఎక్కువ. చుక్కల మీద, ముళ్ల మీద ఉన్న మెరుపు పూత ఇప్పుడు చీకట్లో వెలగదు. అది లోపం కాదు. డయల్ అడుగున స్విస్ అన్న మాటకు అటూ ఇటూ టీ అక్షరాలు ఉంటే అది ట్రిటియం, పూత వెలగడానికి వాడిన రేడియోధార్మిక పదార్థం. పన్నెండేళ్ల చిల్లరకు సగం శక్తి పోతుంది, ఇన్నేళ్లకు ఇక ఏం మిగులుతుంది? నేను ఒకసారి అలాంటి ముల్లును పట్టకారుతో తీస్తుంటే పూత పొడిపొడిగా రాలి డయల్ మీద పడింది. కాఫీపొడి రంగులో ఉంది. ఊపిరి బిగబట్టి గాలి బల్బుతో ఊదాల్సి వచ్చింది. అందుకే ఈ పని చేయి తిరిగినవాళ్ల దగ్గరే చేయించండి.

అద్దం మీద గీతలుంటే భయపడకండి. ఆ కాలం అద్దం ప్లాస్టిక్ రకం, మెత్తటి పాలిష్ పేస్టుతో రుద్దితే గీతలు పోతాయి. తేదీ మార్చడానికి మీ దాంట్లో దగ్గరి దారి లేదు, ముళ్లు తిప్పుకుంటూ పోవాల్సిందే.

బెలుగుప్ప భాస్కర్
అందరూ అసలుది అనుకునే మాట్లాడుతున్నారు. ముందు అది తేల్చండి. గల్ఫ్ నుంచి వచ్చే వాటిలో నకిలీలు చానా. నేను ఒక పెద్ద నగరంలోని సెకండ్ హ్యాండ్ షాపులో ఇలాంటిదే కొన్నాను, పేరు చెప్పను. లోపలి మిషన్ అసలుది, డయల్ మాత్రం తర్వాత రంగు వేసి అక్షరాలు అచ్చేసింది. భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయి. అడిగితే తిరిగి తీసుకోం అన్నారు. ఇప్పటికీ ఆ మంట ఉంది.

వాచీల వీధి
భాస్కర్ అన్న చెప్పింది నిజం. చైను తీసి చూడండి. పన్నెండు వైపు కొమ్ముల మధ్య మోడల్ నంబరు, ఆరు వైపు సీరియల్ నంబరు చెక్కి ఉంటాయి. అక్షరాలు సన్నగా, పదునుగా మెరవాలి. చుక్కలు చుక్కలుగా గీకినట్టుంటే అనుమానించాలి. చైను తీసేటప్పుడు కొమ్ముల లోపల గీతలు పడనివ్వకండి, టేపు అంటించి తీయించండి.

జీఎంటీ 2 కొనేవాళ్లకు ఇంకో పరీక్ష: కీ ఒక మెట్టు లాగి తిప్పితే మామూలు గంటల ముల్లు దూకాలి. త్రికోణం ముల్లు దూకితే అది అసలు కాదు. ఈమధ్య మంచి నకిలీలు దీన్ని కూడా దాటేస్తున్నాయి కాబట్టి ఇదొక్కటే నమ్ముకోవద్దు.

కర్నూలు గగనం
త్రికోణం ముల్లు దూకే వాచీలన్నీ నకిలీలు కావు, ఈ ముక్క చెప్పకపోతే ఎవరైనా కంగారుపడతారు. సీకో 5 జీఎంటీ 2022లో వచ్చింది, అందులో దూకేది త్రికోణం ముల్లే. ఇంట్లో కూర్చుని విదేశాల్లో ఉన్నవాళ్ల టైమ్ చూసుకునేవాళ్లకు అదే సుఖం, తిరిగేవాళ్లకు రోలెక్స్ పద్ధతి సుఖం. ముల్లు దూకించడంతో మాత్రం అరగంట కష్టం తీరదు, రెండిట్లోనూ అంతే. అది అసలే వద్దనుకుంటే క్యాసియో వరల్డ్ టైమ్ అంకెల వాచీ తీసుకోండి. ఢిల్లీ అని ఎంచుకుంటే ఐదున్నర అదే చూసుకుంటుంది.

కడప చిన్నోడు
చైను తీయించి చూశాం. 1675 అని స్పష్టంగా ఉంది. సీరియల్ కూడా చదవగలిగాం, ఇక్కడ పెట్టడం లేదు. డయల్ అడుగున టీ అక్షరాలు ఉన్నాయి. ఎరుపు కొంచెం వెలిసింది, మార్చను. ఇంట్లో వాళ్లు ఒక మాటకు ఒప్పుకున్నారు: నూనె వేయించాక ఇంట్లో ఉన్న రోజుల్లో పెట్టుకోవడం, ప్రయాణాలకు క్యాసియో. పెదనాన్నకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. రింగు ఎప్పుడూ తిప్పి ఉంచేవాడినని ఆయన అన్నారు, ఎటు అని అడిగితే ఎడమకు అన్నారు. అది సరైనదేనా?

రాజంపేట టు సాల్మియా
నూటికి నూరు పాళ్లు సరైనదే. ఆయన ముళ్లు కువైట్ టైమ్‌లో ఉండేవి. మనం కువైట్ కంటే ముందున్నాం కాబట్టి ఇండియా టైమ్ కావాలంటే రింగు ఎడమకు రెండున్నర తిప్పాలి. ఆయన ఇంటి టైమ్ చూసుకునేవాడు.

వాచీల వీధి
సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు రసీదు మీద ఇవి రాయించుకోండి: పాలిష్ వద్దు, డయల్, ముళ్లు, రింగు మార్చొద్దు, మార్చిన ప్రతి పాత పార్టూ తిరిగివ్వాలి. సీరియల్ నంబరు కూడా రాయించండి, ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. లోపలి మిషన్ ఫోటో కూడా అడగండి. ఇవ్వనంటే ఆ షాపులో వదిలేసి రాకండి.