బులెటిన్‌లో 110, ఆప్‌లో 70: గోపాల్‌పూర్ పక్కన ఉన్నవాళ్లం ఏ గాలికి సిద్ధపడాలి? (తుపాను మీద చర్చ. బరంపురం తూర్పు, నాట్ల లెక్క, రేకుల పని అన్నవి ఇందులో రాసినవాళ్ల పేర్లు.)

బరంపురం తూర్పు:
ఐఎండీ (భారత వాతావరణ శాఖ) బులెటిన్‌లో తుపాను తీరం దాటేటప్పుడు గాలి గంటకు 100–110 కిలోమీటర్లు, ఉండుండి 120 అని ఉంది. అదే తుపానుకు విదేశీ పటంలో 65 నాట్లు రాశారు. ఆప్‌లో మా ఊరి మీద వేలు పెడితే 70, గస్టు (విసురు గాలి) అన్నచోట 115. దేన్ని పట్టుకోవాలి? తుపాను కేంద్రం రేపు ఉదయం 5 గంటల ప్రాంతంలో పలాస దగ్గర తీరం దాటుతుందంటున్నారు. తెలుగు చానెళ్లన్నీ శ్రీకాకుళం గురించే చెబుతున్నాయి. ఒడిశా వైపున్న మన గంజాం జిల్లాకు అంచు గాలే అనుకోవచ్చా? మా ఇంటికి సముద్రం 4 కిలోమీటర్లు. కింద స్లాబు, మేడ మీద జీఐ రేకుల షెడ్డు, పక్కన 1000 లీటర్ల ట్యాంకు.

నాట్ల లెక్క:
అంచు గాలి అనుకోకండి. మీరడిగిన వాటిలో ముందు తేలాల్సింది అదే.

మన తీరానికి తుపాన్లు ఎక్కువగా వాయవ్య దిశగా నడుస్తూ వస్తాయి. కేంద్రం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకే నడిచే దారికి కుడిపక్కన, తిరిగే వేగానికి నడక వేగం తోడవుతుంది. ఎడమపక్కన తగ్గుతుంది. పైగా ఎడమపక్క గాలి నేల మీదుగా వస్తుంది, కుడిపక్కది నీళ్ల మీదుగా. పలాస దగ్గర దాటితే గోపాల్‌పూర్, ఛత్రపురం కుడిపక్కన పడతాయి. నేరుగా కొలిస్తే పలాస నుంచి గోపాల్‌పూర్ 75 కిలోమీటర్లే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే దాటింది. ఆ రోజు గోపాల్‌పూర్‌లో 126 కిలోమీటర్ల గాలి నమోదైతే, అవతలి పక్కనున్న కళింగపట్నంలో నమోదైంది 56. రాష్ట్రం సరిహద్దు చూసి ధైర్యం తెచ్చుకోకూడదన్నది ఇందుకే.

ఇక అంకెలు. 65 నాట్లంటే 120 కిలోమీటర్లు (నాటును 1.852తో గుణించాలి). ఐఎండీ 3 నిమిషాల సగటు చెబుతుంది, అమెరికా వాళ్లు 1 నిమిషం సగటు. సగటు తీసే సమయం తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది. కాబట్టి ఆ రెండూ ఇంచుమించు ఒకే మాట చెబుతున్నాయి. ఆప్‌లో 70 మాత్రం కంప్యూటర్ నమూనా లెక్క. అది ఊళ్లను 10, 20 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది, కేంద్రం దగ్గరి గాలి అందులో చదునైపోతుంది. దాన్ని దిశకూ సమయానికీ వాడండి, బలానికి వాడకండి. బులెటిన్‌లోని 110 కూడా మీ మేడ మీది గాలి కాదు, కేంద్రం చుట్టూ ఎక్కడో ఒకచోట ఉండే గరిష్ఠం. అయినా కుడిపక్క ఉన్నవాళ్లు దానికే సిద్ధపడాలి. రేకును లేపేది సగటు కాదు, ఆ 120 విసురు.

పటంలో గరాటులా కనిపించేది కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే హద్దు. గాలి అంతవరకే అని కాదు, దాని బయటా గట్టిగా వీస్తుంది.

తీరం దాటే గంట చూసి పని పెట్టుకోవద్దు. వివరమైన బులెటిన్‌లో 34 నాట్ల గాలి, అంటే దాదాపు 63 కిలోమీటర్లు, ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం వైపు ఎంతెంత దూరం ఉందో వేరువేరుగా ఇస్తారు. మీకు కావాల్సిన అంకె అది. అది 150 కిలోమీటర్లు, తుపాను నడక గంటకు 15 అనుకుంటే, కేంద్రం దారికి మీరు 75 కిలోమీటర్లు పక్కన ఉన్నారు కాబట్టి, మీ ఇంటికి ఆ గాలి తీరం దాటడానికి 9 గంటల ముందే వస్తుంది. అంటే ఈ రాత్రి 8కే. సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలపడం మరిచిపోవద్దు.

రేకుల పని:
గాలి వేగం ఒకటిన్నర రెట్లయితే తోపు రెండుంపావు రెట్లవుతుంది. 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల ఒత్తిడి, 150 అయితే 106. పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు రేకు మీద 100 దగ్గరే 130 కిలోలు. చూరు అంచున, మూలల్లో లాగుడు ఇంకా ఎక్కువ. 30 కిలోల ఇసుక బస్తా రెండు పెడితే ఆగేది కాదది, రేకుతోపాటు బస్తా కూడా పక్కింటి మీద పడుతుంది.

సాధారణంగా ముందు లేచేది చూరు వరసే. ఈ సాయంత్రంలోగా చూరు పక్క, చివర పక్క బోల్టులు ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూడండి. వాషరు కింద తుప్పు పట్టి రంధ్రం పెద్దదై ఉంటే బోల్టు గట్టిగా ఉన్నా రేకు దాని మీంచి ఊడొస్తుంది, అక్కడ వెడల్పు వాషరు వేయాలి. జె-బోల్టు వంపు లాగుడుకు విచ్చుకుంటుంది. చూరు వరస వరకైనా యు-బోల్టులు మార్చగలిగితే మార్చండి. తర్వాత నైలాన్ తాడు రేకుల మీదుగా అడ్డంగా వేసి స్లాబు స్తంభాలకే కట్టండి, షెడ్డు పైపులకు కాదు. పైపుల అడుగు ప్లేటు స్లాబుకు సరిగా బిగిసి లేకపోతే షెడ్డు మొత్తం లేస్తుంది. అలాంటి షెడ్డుకు రేకులు విప్పి కింద పెట్టడమే మంచిది.

బరంపురం తూర్పు:
రేకులు విప్పించేస్తాను. ట్యాంకు నింపాలా? గాలి వచ్చే పక్క కిటికీ ఒకటి తెరిచి ఉంచితే ఒత్తిడి సమానమవుతుందని ఇక్కడ అంటున్నారు.

నాట్ల లెక్క:
ట్యాంకు నిండా నింపండి, 1000 కిలోల బరువు కదలదు. ఖాళీ ట్యాంకు దొర్లిపోతుంది. కరెంటు పోతే ఆ నీళ్లే దిక్కు.

కిటికీ తెరవద్దు. లోపలికి చొరబడ్డ గాలి కింది నుంచి కప్పును పైకి తంతుంది.

గాలి మొదట ఈశాన్యం నుంచి వస్తుంది. తర్వాత తూర్పుకు, ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మీకు దక్షిణంగా పోతున్నట్టు, అంటే మీరు బలమైన పక్కన ఉన్నారు. ఉత్తరానికి, వాయవ్యానికి తిరిగితే దారి మారి కేంద్రం చిలికా వైపు వెళ్తోంది. ఒక్కసారిగా గాలి ఆగితే మాత్రం బయటికి రాకండి. అది తుపాను కన్ను, అంటే మధ్యలో గాలి లేని చోటు, తర్వాతి గాలి ఎదురుపక్క నుంచి వస్తుంది. గోపాల్‌పూర్ తీరానికి ఆగ్నేయపు గాలి నేరుగా సముద్రాన్ని తోస్తుంది, అది తీరం దాటాక కూడా గంటలు వీస్తుంది. ఉదయం ఆరింటికి టీవీలో దాటిపోయిందని చెప్పినా ఇసుక మీదికి ఎవర్నీ పోనివ్వకండి.