ఇన్‌స్టలేషన్: వాయిల్ తెరల మీద ఉత్తరాల వీడియో తేలిపోతోంది, ఒంటి అచ్చు చీలుతోంది

నీలినీడ:
ఒళ్లు, వలస, మనదనుకునే చోటు: ఇదీ అంశం. 2 మీటర్ల వెడల్పున్న మూడు వాయిల్ (పల్చటి బట్ట) తెరలు ఒకదాని వెనక ఒకటి వేలాడతాయి. వాటి మీద స్కాన్ చేసిన చేతిరాత ఉత్తరాలు కదులుతుంటాయి. చివర్న ప్లాస్టర్ బ్యాండేజీతో మనిషి ఒంటి మీంచి తీసిన అచ్చు: మెడ, భుజాలు, వీపు. ప్రొజెక్టర్ వెలుగు 3000 ల్యూమెన్లు, త్రో రేషియో (తెరకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5, తెరల వెనక నుంచి వేస్తున్నాం. అక్షరాలు అలుక్కుపోతున్నాయి, లెన్సు చూసేవాళ్ల కళ్లలో కొడుతోంది, అచ్చేమో తీసేటప్పుడు మెడ దగ్గర చీలుతోంది.

తెరచాటు:
ల్యూమెన్లు చాలండి, ఇంకో ప్రొజెక్టర్ కొనకండి. త్రో 1.5 కాబట్టి 2 మీటర్ల బొమ్మకి 3 మీటర్ల దూరం. కానీ వాయిల్ నేత సందుల్లోంచి వెలుతురు దాటి తర్వాతి తెర మీద అదే అక్షరం కాస్త పెద్దదై పడుతుంది. మూడు సైజులు ఒకదాని మీద ఒకటి! ఫోకస్ ఒక్క తెరకే కుదురుతుంది కాబట్టి నడిమి తెరకి పెట్టండి, మిగతా రెండూ మసగ్గానే ఉండనివ్వండి.

అసలు తప్పు స్కాన్‌లో ఉంది. తెల్ల కాగితం మీద నల్ల సిరా అలాగే వేస్తే తెరంతా వెలుగుతుంది, అక్షరం మునిగిపోతుంది. రంగులు తిరగేసి నలుపు మీద తెలుపు చేయండి. అప్పుడు అక్షరం ఒక్కటే గాల్లో నిలుస్తుంది.

లెన్సు కళ్లలో కొట్టకుండా ప్రొజెక్టర్ని తలల కంటే బాగా ఎత్తున బిగించి కిందికి వంచండి. తెర దాటిన వెలుతురు చూసేవాళ్ల ముందే నేల మీద పడాలి. లెన్స్ షిఫ్ట్ (ప్రొజెక్టర్ని వంచకుండానే బొమ్మని పైకీ కిందికీ జరిపే ఏర్పాటు) ఉంటే అదే వాడండి. కీస్టోన్ (వంచడం వల్ల వంకరైన బొమ్మని ప్రొజెక్టరే సరిచేయడం) ఎక్కువైతే సన్న గీతలు అరిగిపోతాయి.

సున్నపుచేతులు:
మెడ చీలడానికి కారణం అంచు. అక్కడ ఒకటే పొర పడి ఉంటుంది. ఒంటికంతా 3 పొరలు, అంచుకి మాత్రం పట్టీని మడిచి ఇంకో రెండు. ముందు వేజలైన్, మెడ వెనక నూగుకి ఇంకాస్త మందంగా. 15–20 నిమిషాలాగి, మనిషిని భుజాలు ముందుకి ముడవమనండి. లోపలికి గాలి దూరాకే ఎత్తాలి, లాగకూడదు. బ్యాండేజీ బదులు ప్లాస్టర్‌ని ముద్దగా ఒంటికి పట్టించొద్దు, గట్టిపడేటప్పుడు వేడెక్కి చర్మం కాలుతుంది.

అచ్చు బోలు వైపునే చూపించే ఆలోచన చేయండి. కింది నుంచి లైటు వేస్తే లోపలి గుంట ఉబ్బుగా కనిపిస్తుంది. మనిషి లేడు, వీపుంది.

తెరచాటు:
ఇంకో మాట. ఉత్తరం చదవగలిగేలా ఉండి తీరాలా? కళాకారిణి మోనా హటూమ్ 1988 నాటి వీడియోలో బేరూత్ నుంచి తల్లి రాసిన అరబ్బీ ఉత్తరాలు ఆ తల్లి ఒంటి ఫొటోల మీద ముళ్లకంచెలా పరుచుకుంటాయి. వాటి అర్థం ఇంగ్లిష్‌లో చదివే గొంతులో వినిపిస్తుంది. మీరూ ఓ చిన్న స్పీకర్‌ని అచ్చు బోలులో పెట్టండి, దగ్గరికొస్తేనే వినపడేంత. ప్లాస్టర్‌కి తగిలితే గరగరమంటుంది, మధ్యలో ఫోమ్ ముక్క ఉండాలి. వీడియోకి ఒక ప్లేయరు, ఆడియోకి ఒకటి పెట్టకండి, లూపు లూపుకీ జారిపోతాయి. రెండూ ఒకే ఫైల్లో ఉండాలి.

నీలినీడ:
రంగులు తిరగేసి చూశాం, తేడా వెంటనే తెలిసింది. ఎండిన అచ్చుకి రంగు వేయాలా?

సున్నపుచేతులు:
వద్దండి. పట్టీ నేత కనిపిస్తేనే గాయానికి కట్టు కట్టినట్టుంటుంది.