కమ్ హెల్ ఆర్ హై వాటర్: ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు?

సగంనిద్ర: కాల్‌లో మా మేనేజర్ "వీ విల్ రిలీజ్ ఆన్ ఫ్రైడే, కమ్ హెల్ ఆర్ హై వాటర్" అన్నాడు, అందరూ ఓకే అన్నారు నేనూ అనేశా. ఏమొచ్చినా శుక్రవారం ఆగేది లేదని అర్థమైంది గానీ మధ్యలో ఆ నీళ్ళ గోలేంటండీ? బై హుక్ ఆర్ బై క్రుక్ అన్నా ఇదేనా?

పాతపుస్తకం: హై వాటర్ అంటే వరద అండి. నరకమే ఎదురొచ్చినా వరదే ముంచెత్తినా అని. మనం ఆకాశం విరిగి మీద పడ్డా సరే అంటాం కదా, ఆ ధాటి. 19వ శతాబ్దం చివర్లో అమెరికా పేపర్లలో కనబడుతుంది. పశువుల మందల్ని నదులు దాటించి తోలుకెళ్ళేవాళ్ళ మాట అని ఒక కథ చెప్తారు, వినడానికి బాగుంటుంది, గట్టి రుజువైతే లేదు.

మాటలమూట: రెండూ ఒకటి కాదు బాబూ!! హుక్ క్రుక్ చాలా పాతది, 14వ శతాబ్దంలో జాన్ విక్లిఫ్ అనే ఇంగ్లండ్ మతపండితుడి రాతల్లోనే ఉంది, అందులో దారి మంచిదో చెడ్డదో చూసుకోను పని అయిపోవాలంతే అనే వాసన ఉంటుంది. మేం ఇంటర్వ్యూ చేసిన ఒకబ్బాయి టార్గెట్ బై హుక్ ఆర్ బై క్రుక్ కొట్టేస్తా సార్ అంటే పక్కనున్న పెద్దాయన "క్రుక్ వద్దులే నాయనా" అన్నారు 😂 హెల్ ఆర్ హై వాటర్‌లో అడ్డదారి మాటే లేదు, పట్టుదల ఒక్కటే.

లీజుబాబు: నేను లీజింగ్‌లో పనిచేస్తా, మాకిది రోజూ తగిలే మాట. విమానాలు, పెద్ద మిషన్ల లీజుల్లో హెల్ ఆర్ హై వాటర్ క్లాజ్ అనే ఒక షరతు ఉంటుంది, అంటే మిషన్ పాడై మూలన పడున్నా సరే తీసుకున్నవాడు అద్దె కట్టి తీరాలి, నాకు పనికి రావట్లేదు కాబట్టి ఆపేస్తా అంటే కుదరదు. కాగితం మీద మాత్రం "యాబ్సొల్యూట్ అండ్ అన్‌కండిషనల్" లాంటి భాషే ఉంటుంది, నరకం ఊసు లాయర్ల నోట్లోనే. సంతకం పెట్టేముందు కొత్తవాళ్ళు అది చదవరు, తర్వాత మామీద అరుస్తారు.

సగంనిద్ర: వామ్మో. మరి మెయిల్‌లో రాయొచ్చా?

మాటలమూట: సొంత టీమ్‌కైతే రాసెయ్. క్లయింట్‌కి వద్దు, హెల్ అనే మాట కొందరికి నచ్చదు, "నో మ్యాటర్ వాట్" చాలు.

పాతపుస్తకం: ఇంకోటి, "కమ్స్ హెల్" అని రాయకండి, ఎవరి గురించైనా కమ్ అనే ఉంటుంది. పైగా ఇది చేసి తీరతా అనే మాటకే అతుకుతుంది. అయిపోయిన పనికి, "నిన్న ఫినిష్ చేశా కమ్ హెల్ ఆర్ హై వాటర్" అంటే అదోలా ఉంటుంది.

ఊరకే_వచ్చా: చిన్నాచితకా పనులకి కూడా వాడి దాని పరువు తీస్తున్నారు అసలు. ఒకాయన పది నిమిషాల్లో కాల్ చేస్తా కమ్ హెల్ ఆర్ హై వాటర్ అని మెసేజ్ పెట్టాడు, ఇంతవరకూ ఫోన్ లేదు.