4294967297 ప్రధాన సంఖ్యా, కాదా? ఫెర్మా పరీక్ష అవునంటోంది

ప్రశ్న:
2^32 + 1 = 4294967297. పైథాన్‌లో 2ని 4294967296వ ఘాతానికి హెచ్చించి ఈ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తోంది (ప్రధాన సంఖ్యైతే ఇలా 1 రావాలన్నదే ఫెర్మా పరీక్ష). ప్రధాన సంఖ్యే అనుకుంటే, 641తో నిశ్శేషంగా పోతోంది. ఎక్కడ తప్పు? సి లాంగ్వేజ్‌లో రాస్తే ఇంకా విచిత్రం: సంఖ్యనే 1 అని చూపిస్తోంది.

శేషఫలం (జవాబిచ్చినవారు):
కోడ్‌లో తప్పు లేదండీ, ఆధారంగా (ఘాతానికి హెచ్చించే సంఖ్యగా) 2ని తీసుకోవడమే చిక్కు. 1 వచ్చినంత మాత్రాన ప్రధాన సంఖ్య కానక్కర్లేదు. 2^32ని ఈ సంఖ్యతో భాగిస్తే శేషం -1 అన్నట్టే. దాన్ని వర్గం చేస్తే 2^64కి శేషం 1. మీరు వేసిన ఘాతం 2^32, అది 64కి గుణిజం. ఇక 1 రాక ఏం చేస్తుంది? 2తో పరీక్ష పెడితే ఫెర్మా సంఖ్యలన్నీ (2^(2^n) + 1 రూపంలోవి, ఇదీ వాటిలో ఒకటే) గట్టెక్కేస్తాయి. 3 పెట్టండి: శేషం 3029026160. 1 రాలేదు కాబట్టి సంయుక్త సంఖ్యే. 641 సంగతి తెలియకపోయినా ఇది చాలు.

రెండో_మెట్టు:
సి సంగతి: 32 బిట్ల అన్‌సైన్డ్ ఇంట్‌లో (రుణ సంఖ్యలు లేని పూర్ణాంక రకం) పట్టేది 4294967295 వరకే. అంతకు రెండు ఎక్కువైతే సున్నా దాటి 1 దగ్గర ఆగుతుంది. 64 బిట్లకు మారినా పూర్తిగా గట్టెక్కరు. 2ని వరుసగా వర్గం చేస్తూ పోతే ఐదోసారికి 2^32, ఆరోసారికి 2^64, అంటే 64 బిట్లలో అచ్చంగా సున్నా. అక్కణ్ణుంచి అన్నీ సున్నాలే. గుణకారం 128 బిట్లలో చేసి, శేషం తీశాకే 64 బిట్లలోకి దించండి.

ప్రశ్న అడిగినవారు:
3తో మీరన్న శేషమే వచ్చింది. కంప్యూటర్ లేకుండా 641 ఎలా దొరుకుతుంది?

శేషఫలం:
దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, అందులోంచి 1 తీసేస్తే 64తో పోవాలి. ఎందుకంటే ఆ కారణాంకంతో భాగించినప్పుడు 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకోసారి మొదటికొస్తాయి. కారణాంకం p అయితే p-1వ అడుగులోనూ శేషం 1 రావాలి కదా, అందుకే p-1 64కి గుణిజం. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదో భాగహారానికే దొరికింది! ఫెర్మా సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా 1640లో అనుకున్నాడు, 1732లో ఆయిలర్ 641తో దాన్ని కొట్టేశాడు.

భాగహారం కూడా వద్దంటే ఇది చూడండి. 641 = 5×2^7 + 1, కనుక 641తో భాగిస్తే 5×2^7కి శేషం -1. నాలుగో ఘాతం చేస్తే 5^4×2^28కి శేషం 1. మరోపక్క 641 = 5^4 + 2^4, కాబట్టి 5^4 బదులు -2^4 పెట్టొచ్చు. అప్పుడు -2^32కి శేషం 1, అంటే 2^32 + 1కి సున్నా.

రెండో_మెట్టు:
మిగిలిన 6700417 కూడా ప్రధాన సంఖ్యే. వర్గమూలం 2589 లోపే, అంతవరకు కారణాంకాలు వెతికితే చాలు. పైగా గణితవేత్త లూకా పై షరతులోని 64ని 128కి బిగించాడు, కాబట్టి చూడాల్సినవి ఐదే: 257, 641, 769, 1153, 1409. శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు.