లంగ్గామ్ అంటే చీమా, పిట్టా?

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో వైద్యవిద్య చదువుతున్న నేను ఇక్కడికి రాకముందు ఈ దేశపు భాషల్లో ఒకటైన తగాలోగ్ కొంత నేర్చుకున్నాను. అయితే ఈ ఊళ్లో ఎక్కువగా వినిపించేది సెబువానో అనే మరో భాష. మొన్న ఇంటి యజమానురాలు మామిడిచెట్టు వైపు చూపి ‘లంగ్గామ్’ అనగానే, తగాలోగ్‌లో ఆ మాటకు చీమ అని అర్థం కనుక, నేను కాండం మీద చీమలబారు కోసం వెతుకుతూ నిలబడ్డాను. ఆమె చూపింది కొమ్మ మీది పిట్టను.

తగాలోగ్‌లో ‘ఇబోన్’ పక్షి అయితే, లూజోన్ ద్వీపంలోని కపంపాంగన్ భాషలో ‘ఎబున్’ గుడ్డు. అక్కడ పక్షి ‘అయుప్’. తగాలోగ్‌లో ‘హాయొప్’ జంతువు. సంస్కృతంలో అడవి జంతువులన్నిటికీ చెల్లిన ‘మృగ’ శబ్దం జింకకు పరిమితమైనట్లే ఇక్కడా అర్థసంకోచం జరిగిందని నాకు తోస్తోంది. ‘కరోన్’ మరీ చిక్కు: సెబువానోలో ‘ఇప్పుడు’, ఇక్కడి మరో భాష హిలిగాయ్నోన్‌లో ‘తర్వాత’. రోగికి మందు వేసుకునే వేళ చెప్పేటప్పుడు ఇది చిన్న తేడా కాదు.

ఈ భాషలు తెలిసినవారు దయచేసి చెప్పగలరా: చీమ, పిట్ట అనే రెండు ‘లంగ్గామ్’లూ ఒకే ధాతువు నుంచి చీలినవా, లేక కేవలం ధ్వనిసామ్యమా? ఆసుపత్రిలో పొరపాటుకు దారితీసే ఇటువంటి మాటలు ఇంకేమైనా ఉంటే, ఏ భాషలో ఏ అర్థమో కూడా తెలుపగలరని మనవి.