పాత రౌటర్ సాఫ్ట్‌వేర్‌ని కొత్త విండోస్‌కి ఎక్కించాలా, పాత కంప్యూటర్‌నే నెట్టుకురావాలా?

పాతరౌటర్:
సైన్ బోర్డుల అక్షరాలు కోసే రౌటర్ యంత్రానికి ఏ జబ్బూ లేదు. దాన్ని నడిపే విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరే మొరాయిస్తోంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ మర్చిపోయి నల్లతెర మీద ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ పారలల్ పోర్ట్‌కి (పాత ప్రింటర్ కేబుల్ పెట్టే చోటు) డాంగిల్ అనే తాళంచెవి లాంటి చిన్న బిళ్ల తగిలిస్తేనే తెరుచుకుంటుంది, రౌటర్‌కి సీరియల్ కేబుల్‌లో పంపుతుంది. విండోస్ 11లో సెటప్ నొక్కితే, ఈ యాప్ మీ పీసీలో నడవదు అంటోంది. పాత విండోస్‌లా నటించే కంపాటిబిలిటీ మోడ్‌లన్నీ తిప్పి చూశాను. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

కొత్తదారి:
కంపాటిబిలిటీ మోడ్‌తో అయ్యే పని కాదది. 64 బిట్ విండోస్ బాగా పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాముల్ని అసలు నడపదు, విండోస్ 11లో అవి నడిచే 32 బిట్ రకమే లేదు. ఎక్స్‌పీకి 2014లోనే సపోర్ట్ ఆగిపోయింది. ఇంకెన్నాళ్లండీ? ఫైళ్లన్నీ డీఎక్స్‌ఎఫ్‌లోకి (చాలా డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లు చదివే ఫైలు రకం) తీసేసి కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కోండి.

నిదానం:
డీఎక్స్‌ఎఫ్‌లోకి తీస్తే అంతా వచ్చేస్తుందనుకోకండి. అక్షరం అక్షరంగా ఉండదు, ఉత్త గీతలైపోతుంది. రేపు ఫోన్ నంబర్ మార్చమంటే మళ్లీ మొదటి నుంచి టైపు చేసుకోవాలి. మా దగ్గర ఒంపులన్నీ చిన్న చిన్న ముక్కలుగా విరిగి వచ్చాయి. ‘ఠ’ చుట్టూ తిరుగుతుంటే రౌటర్ వణికింది, అంచు పళ్లు పళ్లుగా తేలింది. లోతులు, టూల్ వివరాలు సరేసరి, ఒక్కటీ రాలేదు. నేనైతే ఎక్స్‌పీనే ఉంచి, నెట్ కేబుల్ పీకేస్తా.

వైరింగ్:
ఇద్దరూ మూడు సంగతుల్ని కలిపేస్తున్నారు. ప్రోగ్రామ్ వేరు, డాంగిల్ వేరు, రౌటర్‌కి వెళ్లే తీగ వేరు.

ప్రోగ్రామ్ సంగతి తేలికే. చాలాసార్లు అది 32 బిట్‌దే, నడుస్తుంది; ఇన్‌స్టాలర్ ఒక్కటే 16 బిట్‌ది, మొరాయించేది అదే. లేదంటే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) ఎక్స్‌పీ పెట్టండి.

సీరియల్ కూడా నడుస్తుంది, యూఎస్‌బీ కన్వర్టర్‌తో సహా. కాకపోతే హ్యాండ్‌షేక్, అంటే ‘ఆగు, పంపు’ అని చెప్పుకునే పద్ధతి, రెండు వైపులా ఒకేలా ఉండాలి. నాకిది ఒక షీటు పోగొట్టుకున్నాకే తెలిసింది. రౌటర్ ‘ఆగు’ అన్నా కంప్యూటర్ వినలేదు, వచ్చినవి దాచుకునే బఫర్ పొంగిపోయింది. నాలుగు అక్షరాలు శుభ్రంగా కోసి, అయిదోదాని మధ్యలోంచి రౌటర్ కోత బిట్ అడ్డంగా షీటు మూలకి కోసుకుంటూ పోయింది. (పారలల్ పోర్ట్‌తో నేరుగా మోటార్ పల్సులు పంపే రౌటర్లకి మాత్రం వర్చువల్ మెషీన్ జోలికి పోకండి. పల్సు సమయం కాస్త తప్పినా మోటార్ స్టెప్పులు జారిపోతుంది.)

అసలు చిక్కు డాంగిల్‌తోనే. యూఎస్‌బీ–పారలల్ కేబుల్ ప్రింటర్లకి చేసింది, దాని మీద పాత డాంగిల్ పలుకుతుందని ఆశపడొద్దు. డాంగిల్ డ్రైవర్ కూడా 64 బిట్‌ది కావాలి, 32 బిట్ డ్రైవర్‌ని 64 బిట్ విండోస్ లోపలికి రానివ్వదు. తయారీదారు ఇంకా ఉంటే యూఎస్‌బీ కీ (యూఎస్‌బీకి తగిలించే డాంగిల్) మార్చి ఇస్తారేమో అడగండి. ఏది చేసినా ముందు హార్డ్ డిస్క్‌ని క్లోన్ చేయండి, అంటే మొత్తం అచ్చంగా ఇంకో డిస్క్‌లోకి నకలు తీయండి, ఇవాళే. తేదీ మర్చిపోతోందంటే మదర్‌బోర్డ్ మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టుంది, సీఆర్2032. అది కూడా చూడండి.

నిదానం:
ప్రోగ్రామ్ తేలికే అన్నారు కాబట్టి ఒక మాట. పాత ప్రోగ్రాములు టూల్ కొలతల్ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టా నుంచి విండోస్ ఆ రాతని చడీచప్పుడు లేకుండా వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది, అదీ ఏ యూజర్‌ది ఆ యూజర్‌కే. నేను 3 మి.మీ. బిట్ అని మార్చి పెట్టాను. కుర్రాడు తన లాగిన్‌తో తెరిస్తే అందులో పాత 6 మి.మీ.యే ఉంది. రౌటర్‌లో ఉన్నది 3 మి.మీ. బిట్టే కాబట్టి అక్షరాలన్నీ చుట్టూ 1.5 మి.మీ. లావెక్కాయి. ఎర్రర్ ఒక్కటీ రాలేదు!

కొత్తదారి:
చూశారా, ఇన్ని తిప్పలు! మీ ఓపికకి దండం. బ్యాటరీ మారుస్తారు సరే, తర్వాత పోయేది మదర్‌బోర్డే. కొత్త ఆర్డర్లయినా కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొదలుపెట్టండి.

వైరింగ్:
ఆ చివరి మాటకి నేనూ ఒప్పుకుంటా. పాతవి అవసరం పడ్డప్పుడు ఒక్కొక్కటే మార్చుకోవచ్చు.

పాతరౌటర్:
బ్యాటరీ మార్చాను, తేదీ నిలబడింది. క్లోన్ చేసిన డిస్క్ కూడా బూట్ అయింది. వర్చువల్ మెషీన్‌లో ప్రోగ్రామ్ తెరుచుకుంది గానీ డాంగిల్ కనిపించడం లేదని మూసుకుపోతోంది. దాని మీది నంబర్ పంపి యూఎస్‌బీ కీ అడిగాను. జవాబు వచ్చేదాకా కోత ఎక్స్‌పీ మీదే. నిదానం గారూ, టూల్ కొలతల పేజీని మాత్రం ఫోటో తీసి రౌటర్ పక్కన అంటించాను.