అడవి నడుమ రోడ్డు పడితే పాటపిట్టల గూళ్లకు ఏమవుతుంది?

ప్రశ్న (అచ్చంపేట): మా దిక్కు కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పున్న అడవి తుంట నడుమ 20 మీటర్ల రోడ్డు తీస్తామంటున్నారు. పోయేది 2 హెక్టార్లేనట. తోక పిగిలిపిట్టలు, మ్యాగ్‌పై రాబిన్లు ఇప్పటికైతే బాగానే పాడుతున్నయి. నిజంగా నష్టముంటదా?

జవాబు 1: ఉంటుంది. 2 హెక్టార్లన్నది చెట్ల లెక్క, గూళ్ల లెక్క వేరు. అంచు ప్రభావం 100 మీటర్లు లోపలికి పోతుందనుకుందాం (ఇది పిట్టను బట్టి మారుతుంది). ఇప్పుడు ఆ ప్రభావం తగలని లోపలి అడవి 800×800 మీటర్లు, అంటే 64 హెక్టార్లు. రోడ్డు పడ్డాక ఒక్కో ముక్కలో 290×800, రెండూ కలిపి 46. పోయింది 18 హెక్టార్లు. అంచుల్లో ఎండ, వడగాలి తగిలి నేలమీది ఆకులు ఎండుతాయి, పురుగు తగ్గుతుంది. కాకి, జెముడుకాకి, ముంగిస ఎక్కువగా తిరిగేది అక్కడే. శ్రీశైలం రోడ్డు మీద జనం వేసే తిండికి మరిగిన కోతులూ గుడ్లను వదలవు.

జవాబు 2: పాట వినబడితే పిల్లలు లేచినట్టు కాదు. అమెరికాలో ఓవెన్‌బర్డ్ అనే అడవి పాటపిట్ట మీద చూసింది ఇదే: చిన్న అడవి ముక్కల్లో పాడే మగపిట్టల్లో చాలావాటికి జోడీ లేదు. అక్కడ వేరే పిట్టల గూళ్లలో గుడ్లు పెట్టిపోయే కౌబర్డ్ బెడద మాత్రం ఇక్కడికి అంటగట్టకండి, మనకా పిట్ట లేదు.

గూళ్లను లెక్కగట్టండి. తోక పిగిలిపిట్ట గూడు సన్న కొమ్మ పంగలో, సాలెపోగులు చుట్టిన చిన్న గిన్నెలా ఉంటుంది. గుడ్ల నుంచి పిల్లలు ఎగిరేదాకా సుమారు 25 రోజులు. అన్ని గూళ్లనూ కలిపి 200 గూటిరోజులు (ఒక గూటిని ఒక రోజు గమనిస్తే ఒక గూటిరోజు) గమనిస్తే 10 గూళ్లు పాడయ్యాయనుకోండి: రోజుకు పాడయ్యే అవకాశం 10/200, అంటే 0.05; నిలిచే అవకాశం 0.95. 25 రోజులకు 25 సార్లు 0.95ను వేసి ఒకదానితో ఒకటి గుణిస్తే 0.28, అంటే నూటికి 28 గూళ్లే గట్టెక్కుతాయి. దొరికిన గూళ్లలో ఎన్ని నిలిచాయని ఊరికే శాతం కడితే, మన కంటబడకముందే పాడైనవి తప్పిపోయి లెక్క ఎక్కువొస్తుంది.

మూడు నాలుగు రోజులకోసారే చూడండి, కర్రకు అద్దం కట్టి. గూటి దగ్గర ఆగి వెనక్కి తిరగొద్దు, దాటి పోవాలి. లేకుంటే మీ జాడ సరిగ్గా గూటి దగ్గరే ఆగిపోయి ముంగిసకు దారి చూపుతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధైతే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

జవాబు 3: ముందు అడవి అంచు వెంట రోడ్డు తీయమని అడగండి. నడుమ నుంచే తప్పదంటే వెడల్పు తగ్గించి, పైన కొమ్మలు కలిసేలా ఉంచాలి. మార్చి నుంచి ఆగస్టు దాకా నరకొద్దు. రోడ్డు పక్కన పరికి, బలుసు, కలే పొదలను పీకనీయకండి, ఎండగాలిని ఆపేవి అవే. టీకొట్లు, చెత్తకుప్పలు పెట్టనిస్తే మాత్రం కాకులు దిగుతాయి.